నాన్న తీసిన నెగటివ్‌లకు ఏ స్కానర్?

ప్రశ్న: బీరువాలో నాన్న తీసిన నలుపు తెలుపు నెగటివ్‌లు నలభై స్ట్రిప్పులు దొరికాయి, అన్నీ 35 మి.మీ. ఒకటి వెలుతురుకి పట్టి చూస్తే అమ్మ, జడ ముందుకేసుకుని నవ్వుతోంది. అవి పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. దుమ్ము మచ్చల్ని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పట్టి బొమ్మలోంచి తీసేసే స్కానర్ కొననా?

జవాబు: దానికోసం డబ్బు పెట్టకండి. మామూలు నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మంతా వెండే. అది ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది, దాంతో స్కానర్ బొమ్మనే దుమ్మనుకుంటుంది. నాకలాగే కళ్ల చుట్టూ మరకలొచ్చాయి. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి చాలు.

మరో జవాబు: ప్లస్‌టెక్ 8100 ఫిల్మ్ స్కానర్ సరిపోతుంది. 8200ఐలో అదనంగా ఉండేది ఆ ఇన్‌ఫ్రారెడే. 120 ఫిల్మ్ (35 మి.మీ. కంటే వెడల్పైనది) కూడా ఉంటే మాత్రం ఎప్సన్ వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్, అంటే అద్దం పలక మీద పెట్టి తీసే స్కానర్, చూడండి. 16 బిట్ గ్రేస్కేల్‌లో (నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎక్కువగా నిలిచేలా), టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) దాచండి.

ప్రశ్న అడిగినవారు: 120 లేవండీ. 8100 తీసుకుంటాను. ముందు అమ్మ స్ట్రిప్పే.