ఎల్‌కేజీ పాపతో ఇంత రాయించడం అవసరమా?

వెన్నెల_అమ్మ (హైదరాబాద్):

మా పాపకి ఆగస్టులో నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం, ఇంటికి దగ్గర్లోనే ఉన్న ప్రైవేటు స్కూలు, పేరు చెప్పను. నర్సరీలో ఉన్నన్నాళ్లూ హాయిగా వెళ్లొచ్చేది, పాటలు, రంగులు, ఇసుకలో ఆటలు. ఇప్పుడు రోజూ ఇంటికి రాత ఇస్తున్నారు. నాలుగు గీతల పుస్తకంలో ఒక పేజీ క్యాపిటల్ లెటర్స్, ఒక పేజీ స్మాల్ లెటర్స్, గళ్ల పుస్తకంలో 1 నుంచి 50 దాకా, తెలుగులో అ నుంచి అః. అది కాక నెలకో టెస్టు. పోయిన టెస్టులో 7కీ 9కీ మధ్య ఏ అంకె వస్తుందో రాయమని ఒక గడి ఇచ్చారు. పాప ఆ గడిలో చిన్న చేప బొమ్మ వేసింది. దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన సున్నా పెట్టి పంపారు. నోటితో అడిగితే ఎనిమిది అని టక్కున చెప్తుంది, ఎనిమిది చిక్కుడు గింజలు లెక్కపెట్టి చేతిలో పెడుతుంది. రాయమంటేనే 8 రాదు, 3 అటు తిరుగుతుంది.

సాయంత్రం పుస్తకం తీస్తే చాలు, "చెయ్యి నొప్పి అమ్మా" అని ఏడుపు. డైరీలో ఏమో "వెనకబడుతోంది, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి" అని రాస్తున్నారు. మా అత్తయ్యగారు అందరి పిల్లలూ రాయట్లేదా అంటారు, మావారు స్కూలు మార్చేద్దాం అంటారు. నాకైతే బాగా టెన్షన్‌గా ఉంది. పాపలో ఏదైనా లోపం ఉందా, లేక నిజంగానే ఈ వయసుకి ఇది ఎక్కువా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓటీ_బెజవాడ:

నేను విజయవాడలో పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ చేస్తాను, అంటే రాయడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ చేతిపనుల్లో ఇబ్బంది పడే పిల్లలకి సాయం చేయడం. ఈ మధ్య మా దగ్గరికి "రాయట్లేదు" అని వచ్చే నాలుగేళ్ల పిల్లల్లో చాలామందికి ఏ సమస్యా ఉండదు, సమస్యల్లా వాళ్లకిచ్చే పనిలోనే ఉంటుంది. పిల్లల చెయ్యి ఒక వరుసలో ఎదుగుతుంది. చూసి గుండ్రం గీయడం మూడేళ్లకి వస్తుంది, ప్లస్ గుర్తు నాలుగుకి, చతురస్రం నాలుగున్నర అటూఇటూగా, త్రిభుజం ఐదుకి, డైమండ్ ఆకారం ఆరు దాటాక. ఏటవాలు గీత అన్నిటికంటే ఆలస్యం. మరి కె, ఎమ్, ఎక్స్, జెడ్ అనే ఇంగ్లీషు అక్షరాలన్నిట్లోనూ ఏటవాలు గీతలు ఉన్నాయి కదా! త్రిభుజమే గీయలేని పాపని అవి పేజీ నిండా, అదీ గీతల మధ్యలో ఇరికించి రాయమంటే చెయ్యి నొప్పి పుట్టక ఏం చేస్తుంది? పుట్టినప్పుడు మణికట్టులో ఎక్స్‌రేకి కనపడే ఎముకే ఉండదు, అంతా మెత్తటి మృదులాస్థి. అక్కడ ఎనిమిది చిన్న ఎముకలు ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిది గట్టిపడేసరికి పదేళ్లు దాటుతుంది. పెన్సిల్‌ని మూడు వేళ్లతో సరిగ్గా పట్టుకోవడం కూడా ఎక్కువమందికి నాలుగున్నర, ఆరేళ్ల మధ్యే కుదురుతుంది.

3 తిరగబడటం ఏడేళ్ల దాకా మామూలే, దానికి భయపడకండి. పాపకి లెక్క వచ్చు, గింజలు ఎంచి ఇస్తోంది అన్నారుగా, అసలు చదువు అదే. ఇంట్లో పెన్సిల్ పక్కనపెట్టి చపాతీ పిండి పిసకనివ్వండి, పూసలు గుచ్చించండి, చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, పళ్లెంలో బియ్యం పోసి వేలితో 8 దిద్దించండి. పలక ఇస్తే బలపం విరిచి చిన్న ముక్కే ఇవ్వండి, ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్లు వాటంతట అవే సరైన పట్టులోకి వస్తాయి. ఐదు దాటాక కూడా బొమ్మలు గీయడానికి, బొత్తాలు పెట్టుకోవడానికి బాగా ఇబ్బంది పడుతుంటే అప్పుడు ఎవరికైనా చూపించండి.

పంతులమ్మ_తెనాలి:

నేను చిన్న ప్రైవేటు స్కూల్లో యూకేజీ చెప్తాను, లోపలి సంగతి చెప్తా. మాకు ఈ రాత ఇష్టమయ్యి ఇస్తామనుకోకండి. క్లాసులో నలభై మంది, ఆయా ఒక్కరే, ఆటలు ఆడించాలంటే చోటు లేదు. పైగా పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి మాట "పక్క స్కూల్లో అప్పుడే రెండో ఎక్కం చెప్పేశారట, మీరింకా ఏబీసీడీల్లోనే ఉన్నారా" అని. నోట్సు నిండకపోతే ఫీజు దండగ అంటారు. యాజమాన్యం ఆ మాట మా మీదకి తోస్తుంది, మేం పిల్లల మీదకి తోస్తాం. ఇది చెప్పడానికి కూడా నాకు బాధగానే ఉంది.

రూల్స్ లేక కాదు. పిల్లల మీద చదువు బరువు తగ్గించడానికి కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో ఈ మాటే రాసింది, బడికి ముందు వయసు పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు కూరి కూరి చెప్పడం హింస కిందే లెక్క అని, నర్సరీ సీటుకి టెస్టులూ ఇంటర్వ్యూలూ ఎత్తేయమని. 2009 విద్యాహక్కు చట్టం సీటు ఇచ్చేముందు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడబోయడాన్నే నిషేధించింది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ప్రీప్రైమరీకి అసలు బ్యాగే ఉండకూడదు, రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులమ్ ఫ్రేమ్‌వర్క్, అంటే చిన్నపిల్లలకి ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో చెప్పే జాతీయ ప్రణాళిక, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకాలే వద్దంది, ఈ దశలో పరీక్షలు పనికిరావంది. ఇంకో సంగతి, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర పథకం నిపుణ్ భారత్‌లో ఒకటో తరగతికి ముందు ఏడాది, అంటే ఐదారేళ్ల పిల్లలకి పెట్టిన లక్ష్యం చూడండి: అక్షరాలూ వాటి శబ్దాలూ గుర్తుపట్టాలి, రెండు మూడు అక్షరాల చిన్న మాటలు చదవాలి, 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవాలి, అంకెల్నీ వస్తువుల్నీ వరుసలో పెట్టాలి. అంతే! మీ పాప అంతకంటే చిన్నది, ఆ అమ్మాయితో 50 దాకా రాయిస్తున్నారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి, మా స్కూల్లాంటి చోటికి వచ్చి అడిగేవాళ్లే లేరు.

ఆటో_నాన్న_కరీంనగర్:

అందరూ రాత వద్దంటున్నారు, నా మాట కూడా వినండి. నేను, నా భార్య ఇద్దరం పెద్దగా చదువుకోలేదు. బిడ్డ ఏం నేర్చుకుందో ఇంట్లో అడిగి తెలుసుకునేంత ఇంగ్లీషు మాకు రాదు. మాకు కనిపించేది ఆ నోట్‌బుక్ ఒక్కటే. మా గల్లీ అంగన్‌వాడీలో టీచరమ్మ మంచిది, గుడ్డు పెడతారు, పాటలు నేర్పిస్తారు, కానీ అక్కడి నుంచి ఇంగ్లీషు మీడియం ఒకటో తరగతికి పోయిన మా అన్న కొడుకు ఏడాదంతా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. అందుకే అప్పు చేసి ప్రైవేటులో వేశాను. ఇప్పుడు నా బిడ్డ ఆటోలో కూర్చుని షాపు బోర్డుల మీది అక్షరాలు చదువుతుంటే నాకెంత సంతోషమో చెప్పలేను. ఇంట్లో పుస్తకాలు, చదివి చెప్పే అమ్మానాన్నలు ఉన్న పిల్లలకి ఆలస్యమైనా నడుస్తుంది. మా పిల్లలకి బడిలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారు?

పంతులమ్మ_తెనాలి:

అన్నా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం, చెప్పొద్దని ఎవరూ అనట్లేదు. మీ బిడ్డ బోర్డులు చదవడం నాకూ సంతోషమే, చూడండి, అది ఆటోలో కూర్చుని కళ్లతో చూసి వచ్చిన చదువు, పేజీలు నింపితే వచ్చింది కాదు. మీటింగ్‌కి వెళ్లినప్పుడు నోట్సు చూపించమని కాకుండా, బిడ్డతో ఒక పాట పాడించమనండి, కథ చెప్పించమనండి, పది వస్తువులు ఎంచి చూపించమనండి. తెలుగులోనే అడగండి, మీ ముందే చేసి చూపించాలి. అది మీకూ అర్థమవుతుంది, మాకూ అలా చెప్పడానికి ధైర్యం వస్తుంది.

జెర్సీ_నాన్న:

అమెరికా వస్తే ఈ గొడవ ఉండదనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. మా వాడు న్యూజెర్సీలో కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) చదువుతున్నాడు, ఐదేళ్లు. ఏ తరగతికి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ అనే ప్రమాణాలు 2010లో వచ్చాయి, వాటిని చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి, వాటి ప్రకారం కిండర్‌గార్టెన్ ఏడాది చివరికి 100 దాకా లెక్కించాలి, 20 దాకా రాయాలి, 5 లోపు కూడికలు, తీసివేతలు తడుముకోకుండా చెయ్యాలి, చిన్న చిన్న పుస్తకాలు అర్థం చేసుకుంటూ చదవాలి. అప్పట్లోనే చిన్నపిల్లల చదువు మీద పనిచేసే డాక్టర్లు, ప్రొఫెసర్లు, టీచర్లు ఐదు వందల మందికి పైగా ఇది వయసుకి మించిందని సంతకాలు పెట్టారు. వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కిండర్‌గార్టెన్ టీచర్ల సర్వేలు పోల్చి చూస్తే, కిండర్‌గార్టెన్‌లోనే పిల్లలకి చదవడం రావాలి అన్నవాళ్లు 1998లో 31 శాతం, 2010లో 80 శాతం. పన్నెండేళ్లలో పిల్లల మెదళ్లేం మారలేదు, పెద్దవాళ్ల ఆశ మారింది.

తొందరపడితే లాభం ఉందా అంటే, న్యూజిలాండ్‌లో ఐదేళ్లకి చదవడం మొదలెట్టిన పిల్లల్నీ, ఏడేళ్లకి మొదలెట్టిన వాళ్లనీ గమనించారు, పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా కనిపించలేదు. ఫిన్లాండ్‌లో బడే ఏడో ఏట. ఇక్కడ మన తెలుగువాళ్లం స్కూలు ఇచ్చింది చాలదని వారాంతాల్లో మ్యాథ్స్ ట్యూషన్ కూడా తగిలిస్తున్నాం, మా స్నేహితుల్లో సగం మంది అదే పని. నేను వేయలేదు, వాడు శనివారాలు పార్కులో ఉంటాడు, నాకు దాని మీద ఏ అనుమానమూ లేదు.

అక్కా, ఒక్కటి చూసుకోండి. పాపది ఆగస్టు అన్నారు, ఇలాగే వెళ్తే ఆరు నిండకుండానే ఒకటో తరగతికి వచ్చేస్తుంది. జాతీయ విద్యావిధానం ప్రకారం ఆరు నిండాకే ఒకటి, 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకి మళ్లీ గుర్తుచేసింది కూడా.

వెన్నెల_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఆగస్టు సంగతి అసలు నా బుర్రకే తట్టలేదు, క్లాసులో చాలామంది తనకంటే ఏడెనిమిది నెలలు పెద్దవాళ్లు. శనివారం మీటింగ్ ఉంది. తెనాలి టీచర్ గారూ, ఈ పాలసీలన్నీ ప్రింట్ తీసుకెళ్లి ప్రిన్సిపాల్ ముందు పెట్టమంటారా?

పంతులమ్మ_తెనాలి:

ముందే అలా వెళ్లకండమ్మా, కోపం క్లాస్ టీచర్ మీదకి మళ్లుతుంది, ఆమె చేతిలో ఏమీ ఉండదు. ముందు ఆమెతోనే విడిగా మాట్లాడండి. పేజీ బదులు ఒక్క వరుస రాస్తే చాలని, మిగతాది పలక మీద దిద్దిస్తామని, అలా చేసినరోజు డైరీలో మీరే సంతకం పెడతామని చెప్పండి. టెస్టు నోటితో అడగమనండి, చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు, పేపర్లు దిద్దే పని వాళ్లకీ తగ్గుతుంది. వచ్చే ఏడాది యూకేజీకి పంపకుండా ఇంకో ఏడు ఎల్‌కేజీలోనే ఉంచడం కుదురుతుందా అని కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి, సీట్లు నిండాక ఎవరూ వినరు. అప్పటికీ "మా పద్ధతి ఇంతే" అంటే ఆ ప్రింట్లు తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి, మీలాగే ఇబ్బంది పడుతున్న ఇద్దరు ముగ్గురు తల్లుల్ని కూడా వెంటబెట్టుకుని. ఒక్కరొస్తే సర్ది పంపేస్తాం, నలుగురొస్తే మా దగ్గర మీటింగ్ పెడతారు.