చిన్న ఓక్ పీపాలో రెడ్ వైన్ ఎన్నాళ్లు ఉంచాలి?

ప్రశ్న:
నలభై ఏళ్లు దాటిన ద్రాక్ష తీగల పండ్లతో రెడ్ వైన్ చేశాను. పులియడం, ఆ తర్వాత మాలోలాక్టిక్ మార్పు (బ్యాక్టీరియా వల్ల పుల్లటి మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారడం) పూర్తయ్యాక 20 లీటర్ల కొత్త ఓక్ పీపాలో పోశాను. మిగిలిన కొంత గాజు జాడీలో ఉంది. పెద్ద వైనరీలు ఏడాదికి పైగా ఉంచుతాయని విని నేనూ అలాగే ఉంచుదామనుకున్నాను. నెలన్నరకే రుచి చూస్తే కొబ్బరి, వెనిలా వాసనలే తెలుస్తున్నాయి, పండు వెనక్కి పోయింది. పీపాలో మట్టం కూడా తగ్గింది. టెన్షన్‌గా ఉంది. తీసెయ్యాలా, ఉంచాలా?

జవాబు:
చెడిపోలేదండీ. కానీ ఇవాళే తీసి గాజు జాడీల్లోకి మార్చండి, మెడ దాకా నింపి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత) పెట్టండి.

మీరు విన్న ఏడాది లెక్క 225 లీటర్ల బోర్డో పీపాది. పీపా చిన్నదయ్యేకొద్దీ ప్రతి లీటరు వైన్‌కూ తగిలే చెక్క పెరుగుతుంది. 20 లీటర్ల పీపాలో అది రెండింతలకు పైనే. కొత్త చెక్క కూడా తోడైతే కొన్ని వారాలకే సరిపోతుంది. పీపాలో పోసిన రెండో వారం నుంచే రుచి చూస్తూ ఉండాలి.

కొబ్బరి వాసన అంత గట్టిగా ఉందంటే అది అమెరికన్ ఓక్ అయ్యుండొచ్చు. అందులో ఆ వాసనిచ్చే లాక్టోన్లు అనే పదార్థాలు ఎక్కువ. ఫ్రెంచ్ ఓక్‌లో మసాలా దినుసుల వాసన, టానిన్ (వగరు) పైకి వస్తాయి. అమెరికన్ ఓక్‌ను రంపంతో కోసినా పీపా కారదు. ఫ్రెంచ్ ఓక్‌ను మాత్రం నార వెంబడి చీల్చాలి, దాంతో మానులో చాలా భాగం వృథా అవుతుంది. దాని ఖరీదుకు ఇదొక పెద్ద కారణం.

అసలు నాకు బాధ కలిగేది పండు గురించి. పాత తీగలంటే ప్రపంచమంతటికీ ఒకే నిర్వచనం లేదు. ఆస్ట్రేలియాలోని బరోసాలో 2009 నుంచి అనుసరిస్తున్న చార్టర్ ప్రకారం 35 ఏళ్లు నిండాలి, మీవి ఆ లెక్కకు సరిపోతాయి. అలాంటి తీగ సాధారణంగా తక్కువ కాస్తుంది, కానీ కాసిన కాస్తలోనే రంగు, రుచి చిక్కగా ఉంటాయి. అన్నేళ్ల తీగ ఇచ్చిన రుచిని చెక్క వాసన కింద కప్పెట్టకూడదు. వెనిలా ఎక్కడైనా దొరుకుతుంది, ఆ పండు దొరకదు.

మరొకరి జవాబు:
మట్టం తగ్గడం మామూలే. కొత్త చెక్క ముందు కొంత పీల్చుకుంటుంది, తర్వాత ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఖాళీలో గాలి చేరితే ఎసిటిక్ బ్యాక్టీరియా పెరిగి వైన్ వెనిగర్ వైపు వెళ్తుంది. చిన్న పీపాను వారానికోసారి చూసి అదే వైన్‌తో నింపాలి. మాలోలాక్టిక్ అయిపోయింది కాబట్టి వైన్ చెడకుండా కాపాడే సల్ఫైట్ కూడా సరిచూడండి. పీహెచ్ (పులుపు కొలత) 3.5 ఉంటే ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ (సల్ఫైట్ నుంచి వచ్చి వైన్‌లో విడిగా మిగిలేది) లీటరుకు సుమారు 25 మిల్లీగ్రాములు, 3.7 ఉంటే 40 దాకా కావాలి. పీహెచ్ కొలవకుండా అంచనాతో వెయ్యకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ఇప్పుడే మార్చేస్తున్నాను. ఆ ఓక్ వాసన తగ్గుతుందా? ఖాళీ పీపా ఏం చెయ్యాలి?

జవాబు:
పూర్తిగా పోదు. నెలలు గడిచేకొద్దీ వైన్‌లో కలిసిపోయి మెత్తబడుతుంది. మీ దగ్గర ఓక్ తగలని వైన్ ఉండటం అదృష్టం. చిన్న గ్లాసుల్లో సగం సగం, మూడో వంతు, పావు వంతు కలిపి మూతపెట్టి, మర్నాడు రుచి చూడండి. అప్పుడే కలిపితే ముక్కు సరిగ్గా చెప్పదు. పండు మళ్లీ ముందుకు వచ్చిన పాళ్లలోనే మొత్తం కలపండి.

పీపాను ఎండనివ్వద్దు, చెక్కలు విడిపోతాయి. వీలైతే వెంటనే ఇంకో వైన్ పొయ్యండి, ఈసారి చెక్క వాసన వైన్‌లోకి నెమ్మదిగా దిగుతుంది. వైన్ లేకపోతే కడిగి, సిట్రిక్ ఆమ్లం, సల్ఫైట్ కలిపిన నీళ్లతో నింపి ఉంచండి. ఎప్పుడైనా గుర్రపుసాల వాసన వస్తే అది బ్రెటనోమైసెస్ అనే ఈస్ట్ పని. చెక్క లోపలికి దిగాక దాన్ని కడిగి వదిలించలేం, ఆ పీపాలో మళ్లీ వైన్ పొయ్యకండి.