అప్‌డేట్: ఎండితే అట్టలా బిగిసే షామీ గుడ్డ

హన్మకొండలో కారు తుడవడానికి కొన్న పసుపు షామీ ఎండగానే అట్టలా బిగుసుకుంటోంది, పాడైనట్టేనా అని అడిగిన కదా. పాడవలేదు. అది అసలు షామీలా తోలు కాదు, పీవీఏ అనే సింథటిక్ స్పాంజి. ఎండితే గట్టిపడటం దాని గుణం. కొన్ని నిమిషాలు నీళ్లల్ల నానబెడితే మెత్తబడుతుంది. గట్టిగా ఉన్నప్పుడు మడిస్తే మాత్రం పగులుతుంది. తడిది డబ్బాలో వారాలు మూసిపెడితే బూజు పడుతుంది.

అసలు తోలు షామీ సంగతి వేరు. గొర్రె తోలు లోపలి పొరకు చేపనూనె పట్టించి పదును చేస్తారు. పేరు మాత్రం ఆల్ప్స్ కొండల్లో తిరిగే మేకలాంటి జంతువుది. జంతువును ‘షామ్వా’ అంటారు, గుడ్డను ‘షామీ’. డిటర్జెంట్‌తో ఉతికితే ఆ నూనె పోయి తోలు పెళుసవుతుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం మామూలు సబ్బు చాలు. నీడలోనే ఆరేయాలి, మన మే నెల ఎండకు బానెట్ మీద పరిస్తే ముడుచుకుపోతుంది.

మన దగ్గర ముఖ్యమైంది బోరు నీళ్లు. అవి కారు మీదే ఆరితే ఉప్పు మిగిలి తెల్లమచ్చలు పడతాయి. అందుకే కారంతా కడిగి చివర్లో తుడవద్దు, ఒక్కో డోరు కడిగి వెంటనే తుడవాలి. ముందు దుమ్ము పూర్తిగా పోవాలి, లేకుంటే గుడ్డకంటిన ఇసుకే పెయింటు గీకుతుంది.

సైకిల్ షార్ట్స్ విషయంలో కూడా ‘షామీ’ అనే మాట వింటాం, అక్కడ దానర్థం లోపలి మెత్త. ఒకప్పుడు తోలుదే, ఇప్పుడు ఫోమ్.