థ్యాంక్స్‌గివింగ్ ఆరాధనలో సాక్ష్యాల భాగాన్ని ఎలా నడపాలి?

ప్రభువు నామంలో వందనాలు. అమెరికాలోని తెలుగు సంఘం కోసం నవంబరు నాలుగో గురువారం ఉదయపు కృతజ్ఞతారాధన క్రమం రాస్తున్నాం. గంటంబావులో ముగియాలి. ఇంటికెళ్లి ఆ రోజు విందుకు వండే 12 పౌండ్ల టర్కీ కోడి 325 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర కాలడానికే సుమారు 3 గంటలు పడుతుంది మరి!

100వ కీర్తన, ద్వితీయోపదేశకాండము 26:1-11, లూకా 17:11-19, 20 నిమిషాల ప్రసంగం, ఆ తర్వాత సాక్ష్యాలు (దేవుడు చేసిన మేలును సభలో చెప్పుకోవడం), కానుక. ఇబ్బందంతా సాక్ష్యాల దగ్గరే. మైకు వదిలేస్తే ఒక్కొక్కరికి పది నిమిషాలు. పైగా వీసా, ఇల్లు, ప్రమోషన్ల జాబితా అవుతుంది. ఉద్యోగం పోయినవాళ్లు తలొంచుకుని కూర్చుంటారు. ద్వితీయోపదేశకాండంలో తొలి పంట గంప తెచ్చినవాడు ముందు చెప్పేది ఐగుప్తు బాధ. 11వ వచనంలో పరదేశికీ ఆ సంతోషంలో పాలు ఉంది. 1863లో లింకన్ ఈ దినాన్ని ప్రకటించింది కూడా అంతర్యుద్ధం నడుస్తుండగానే.

అందుకే ముందు ఆదివారమే కార్డులిచ్చి మూడు వాక్యాలు రాయించాలనుకుంటున్నాం: పడిన కష్టం, దేవుని సహాయం, ఎవరితో పంచుకుంటారు. ఎనిమిది కార్డులు చదివితే పన్నెండు నిమిషాలు. ఇలా చేసినవారున్నారా? రాసినవాళ్లే చదవాలా, పేరు లేకుండా ఒకరే చదవాలా? తెలుగు చదవలేని పిల్లల కార్డుల్ని ఎక్కడ కలిపారు?

ఇంకొకటి. అవసరంలో ఉన్నవాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి బియ్యం, పప్పు ఇద్దామంటే విప్పిన సంచులు, ఇంట్లో కట్టిన పొట్లాలు సాధారణంగా తీసుకోరు. సీలు తీయని చిన్న ప్యాకెట్లే తెమ్మని ఎన్ని వారాల ముందు చెబితే పని జరిగింది?