‘ఒకనికొకరము’లో ఆ ‘ని’ ఎక్కడిది?

సాగరతీరం:
మా మామ్మ రాత్రి కుటుంబ ప్రార్థన చివర్లో ఒక మాట అనేది. "క్రీస్తులో ఒక్క శరీరముగా ఉండి ఒకరికొకరము అవయవములమై యున్నాము" అని. ఆ వెంటనే వీధిలోవాళ్ళ పేర్లు వరసగా వచ్చేవి. జ్వరంతో పడుకున్నవాళ్ళు, కూతురికి సంబంధం కుదరనివాళ్ళు, వేటకెళ్ళి ఇంకా ఒడ్డుకి రానివాళ్ళు. మాకేమో నిద్ర ముంచుకొచ్చేది. మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ ఇంటి బైబిలు దొరికింది. రోమా 12:5 తీస్తే "ఒకనికొకరము ప్రత్యేకముగా అవయవములమై యున్నాము" అని ఉంది. ‘రి’ కాదు, ‘ని’. నలభయ్యేళ్ళుగా చెవిలో ఉన్న మాట తప్పంటారా? నాకైతే అచ్చుతప్పులా ఉంది. ఎవరి దగ్గరైనా ‘రి’ ఉన్న ప్రతి ఉందా?

ద్రుతం మాష్టారు:
అచ్చుతప్పు కాదు బాబూ, నా దగ్గరున్న ప్రతిలోనూ ‘ని’యే. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాను గానీ ఆ పుస్తకం తెలుగు కోసం చదువుతాను. ఈ మాటలో తమాషా చూడండి. ‘ఒకని’ ప్రథమపురుష ఏకవచనం. ‘ఒకరము’ ఉత్తమపురుష బహువచనం. ముందు సగం వాడు, వెనక సగం మనం. ‘ఒకనికొకడు’ అంటే ఇద్దరూ బయటివాళ్ళు. ‘ఒకరికొకరము’ అంటే ఇద్దరూ మనవాళ్ళే. ఇక్కడ మాత్రం ఒకణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఇంట్లోవాళ్ళందరూ వాడివైపు తిరిగినట్టుంది. వ్యాకరణం లెక్కన సొట్టే. నాకిష్టమైన సొట్ట.

గ్రీకు గోడ:
ఎఫెసీ 4:25 చూసుకోండి. "మనము ఒకరికొకరము అవయవములై యున్నాము గనుక మీరు అబద్ధమాడుట మాని..." అక్కడ ‘రి’ ఉంది. మామ్మగారు రెండు వచనాలూ కలిపేశారు, అంతే. గ్రీకు మూలంలో రెండుచోట్లా ‘అల్లీలోన్’ అనే ఒకే మాట, ఒకరికొకరు అని. దానికి లింగభేదం వినిపించదు. అయితే రోమా పత్రికలో దాని ముందు ‘కథ్ హెయిస్’ అని అదనంగా ఉంది, ఒక్కొక్కడుగా అని. ఈ హెయిస్ పుంలింగ ఏకవచనం. అనువదించినాయన కలం ఆ హెయిస్ దగ్గర తట్టుకుని ‘ఒకని’ అని పడిందని నా సిద్ధాంతం. ఎఫెసీలో హెయిస్ లేదు, ‘రి’ వచ్చింది. లెక్క సరిపోయింది.

ద్రుతం మాష్టారు:
ఎక్కడ సరిపోయిందండీ? హెయిస్ కోసం ‘ప్రత్యేకముగా’ అని పక్కనే వేరే మాట కూర్చోబెట్టారుగా. ఒకే పనికి రెండు కూలీలా? సరే, యాకోబు 5:16: "ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి". అక్కడ మీ హెయిస్ ఏదీ? గలతీ 5:13లో "యొకనికొకడు దాసులైయుండుడి". అక్కడ? యోహాను 13:34కి వచ్చేసరికి "ఒకరి నొకరు ప్రేమింపవలెను". మూడుచోట్లా మీ అల్లీలోన్ కుటుంబమే కదా. ప్రేమించేటప్పుడు ‘రి’, ప్రార్థన చేసేటప్పుడు ‘ని’. ఏ సిద్ధాంతానికి లొంగుతుందిది?

గ్రీకు గోడ:
యాకోబు దెబ్బ గట్టిగానే తగిలింది. రోమా వరకు మాత్రం నా సిద్ధాంతం వదలను.

కంచరపాలెం కోడలు:
మా గురువారం స్త్రీల కూడికకి ఒకసారి వచ్చి వినండి. పద్నాలుగుమంది ఆడవాళ్ళం చాప మీద కూర్చుని "ఒకనికొరకు ఒకడు" అని చదువుకుంటే ఎలా ఉంటుంది? అందుకే చదివే ఆవిడ నోటితోనే దిద్దేస్తుంది, "ఒకరికొరకు ఒకరు" అని. పుస్తకంలో ‘ని’, మా నోళ్ళలో ‘రి’. మామ్మగారిదీ అదే కథ అయ్యుంటుంది. ఇంకో సంగతి. మా దగ్గర ప్రార్థన అవసరతలు ఎవరివి వాళ్ళు చెప్పుకోరు. నా సంగతి పక్కావిడ చెప్తుంది, ఆవిడ సంగతి నేను చెప్తాను. సొంత బాధ పైకి చెప్పుకోవడం నామోషీ అనుకున్న రోజుల్లో మొదలైందో ఏమో, ఇప్పటికీ అలాగే. దాంతో వారమంతా పక్కావిడ ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోక తప్పదు.

ద్రుతం మాష్టారు:
బాగుందమ్మా. కానీ ఆ ‘అవసరత’ ఏమిటి తల్లీ? అవసరం అని నిండైన మాట ఉండగా తోకకి ‘త’ ఎందుకు? ఫిలిప్పీ 4:19లో కూడా "మీ ప్రతి అవసరమును తీర్చును" అనే ఉంది. మీ పుస్తకమే మీ వైపు సాక్ష్యం చెప్పడంలేదు.

కంచరపాలెం కోడలు:
‘మీతో చిన్న అవసరం పడింది’ అని ఎవరైనా గుమ్మంలోకి వస్తే డబ్బు సర్దమంటున్నారని మీకూ తెలుసు మాష్టారూ. అవసరం మనుషులు తీర్చేది. మా వల్ల కాదని తేలాక మిగిలేది అవసరత. రెంటికీ ఒకే మాట వాడమంటే ఎలా?

ద్రుతం మాష్టారు:
వాదన బాగుంది. మాట మాత్రం నిలవదు.

తిక్కన దాసుడు:
పదమూడో శతాబ్దిలో తిక్కన తేల్చిపారేసినదానికి ఇప్పుడింత గొడవా!

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఒకడూ లేదు, ఒకరూ లేదు. ‘ఒరులు’. ఆడా మగా అందరూ ఆ మూడక్షరాల్లో సర్దుకున్నారు. బైబిలు పండితులకి ఈ మాట అందుబాటులో ఉండి కూడా ఎందుకు వాడలేదో!

గ్రీకు గోడ:
వాడకపోవడమే మంచిదైంది. ఒరులంటే పరాయివాళ్ళు. నాకు నచ్చనిది పరాయివాడికి చెయ్యకు అన్నది తిక్కన మాట. రోమా 12లో పరాయివాడన్న వాడే లేడు, ఒళ్ళే ఒకటి. కాలికి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వచ్చి తీస్తుంది, ధర్మం ఆలోచించుకుని రాదు. అక్కడ ‘ఒరులు’ అంటే అర్థమే తిరగబడుతుంది.

ద్రుతం మాష్టారు:
పైగా దాసుడుగారూ, ఆ కందానికి ప్రాస రేఫ. ఒరు, నర, నొరు, పరా. ‘ఒకరు’ పెడితే రెండో అక్షరం ‘క’ అయి ప్రాస కూలిపోతుంది.

తిక్కన దాసుడు:
ప్రాస కోసం మాట వెతుక్కునేవాడు తిక్కన కాదు. మాష్టారికి జ్వరమేమో! ‘దా నొరులకు’ దగ్గర పాదం విరిచిన తీరు చూడండి. తనూ ఒరులూ పక్కపక్కన నిలబడతారు, మధ్యలో పాదం గీత ఒక్కటే. దాని మీద ఒక సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

(ఆ సాయంత్రం నిజంగానే గడిచింది. దానొరులా, తానొరులా అని ఇరవై జవాబులు. అవి వదిలేస్తున్నాను. నా ‘ని’ సంగతి ఎవరికైనా గుర్తుందా? — సాగరతీరం)

పాతటౌను పురాణం:
గుర్తుంది. అసలు మూలం మన ఊళ్ళోనే ఉంటే మీరంతా గ్రీసుదాకా వెళ్ళారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు క్రాన్, డెగ్రాంజెస్ దిగింది విశాఖపట్నంలోనే. ఆనందరాయర్ తోడుగా సువార్తలు తెలుగు చెయ్యడం ఇక్కడే మొదలెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ పోయారు. పని ప్రిచెట్ అందుకున్నాడు. ఆయన పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఒకడు దించిన బరువు ఇంకొకడు ఎత్తుకున్న చోట ‘ఒకని’ పడక ఇంకేం పడుతుంది? ఆ ‘ని’ మన వన్‌టౌన్‌దే అని నా పందెం.

గ్రీకు గోడ:
పందెం ఓడిపోతారు. ఆ తర్వాత ఎన్ని సవరణలు జరిగాయి, ఎన్ని చేతులు పడ్డాయి! ఇక్కడే జాన్ హే, వార్డ్‌లా కూర్చుని మళ్ళీ దిద్దారు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పాఠంలో ఒక్క అక్షరం చూపించి ఇది ఫలానావారిదని ఎలా అంటారు? అన్నట్టు మీరు ‘బరువు’ అన్నారు కాబట్టి: గలతీ 6:2లో "ఒకని భారముల నొకడు భరించి". మూడు వచనాలు దాటితే "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను". మూలంలో రెండూ వేరు మాటలు, బారోస్, ఫొర్తియోన్. భారం పంచుకునేది, బరువు ఎవరిది వాళ్ళు మోసేది. తత్సమంతో ఒకటి, తెలుగు వాడుకతో ఒకటి విడగొట్టినవాడెవడో గానీ వాడికి దణ్ణం.

ద్రుతం మాష్టారు:
దణ్ణం సగమే పెట్టండి. మత్తయి 11:30లో ఆ ఫొర్తియోన్‌నే "నా భారము తేలికగాను" అన్నారు. అక్కడ బరువు ఏమైంది? ఇంకో మాట. అందరూ ‘ని’ మీద పడ్డారు గానీ ‘క్రీస్తులో’ ఎవరూ పట్టించుకోలేదు. చిన్నయసూరి లెక్కన ‘లోన్’ షష్ఠి. ‘అందు’ సప్తమి. 1 కొరింథీ 11:11లో "ప్రభువునందు స్త్రీకి వేరుగా పురుషుడు లేడు" అని సప్తమి వేసినవారు ఇక్కడ షష్ఠికి ఎందుకు దిగారు?

కంచరపాలెం కోడలు:
‘నాయందు దయ ఉంచండి’ అని ఆఫీసులో పైవాళ్ళకి కూడా రాస్తాం మాష్టారూ. అలాగని వాళ్ళలో ఉంటామా? ఒంటి సంగతి చెప్పేటప్పుడు ‘లో’యే సరైనది.

ద్రుతం మాష్టారు:
షష్ఠి అని ఒప్పుకుంటే మీ మాట నేనూ ఒప్పుకుంటాను.

సాగరతీరం:
కొత్త సంగతి. భీమిలిలో మా మేనత్తకి ఫోన్ చేశాను. మామ్మకి చదువు రాదట. ఆ బైబిలు తాతది. మామ్మవన్నీ చెవిన పడినవే. ‘ని’, ‘రి’ అని నేను వివరిస్తుంటే అత్త నవ్వింది. "మాయమ్మ ఆ రెండూ ఎప్పుడందిరా? ఒకలికొకలం అనేది" అంది. ఆ మాట వినగానే మామ్మ గొంతే వినిపించింది. ‘రి’ నేను బళ్ళోకెళ్ళాక దిద్దుకున్నదన్నమాట. తాత వింటూ ఉండేవాడు, చేతిలో ‘ని’ ఉన్న పుస్తకం పెట్టుకుని. ఒక్కసారీ సరిచెయ్యలేదు.

తిక్కన దాసుడు:
‘లి’! ఇది కొత్త.

ద్రుతం మాష్టారు:
కొత్తేం కాదు, మన వైపు ఒకలు, ఒకళ్ళు అందరి నోటా ఉన్నవే. అయినా గ్రాంథికంలో నడిచే వాక్యం చివర ‘ఒకలం’ అంటే చెవి ఒప్పుకోదు. దీని మీద వివరంగా రాయాలనుంది గానీ గురువారం కంటి ఆపరేషన్. కొన్నాళ్ళు తెర చూడకూడదన్నారు. ఈలోగా ఎవరైనా 1818 ప్రతిలో ఆ ముక్క చూసి పెట్టండి. ‘ని’యా, ‘రి’యా, అంతే. పందెం సంగతి నేనొచ్చాక.

కంచరపాలెం కోడలు:
గురువారమా? మా కూడిక రోజే. మీ సంగతి నేను చెప్తాను మాష్టారూ. ఏ కన్ను?

ద్రుతం మాష్టారు:
ఎడమది. చెప్పండి, వద్దనను. కానీ అవసరత అనకండి.