తెల్లవారనా, తెల్లవారలా?

కృష్ణాతీరం: పాత కాంగ్రెస్‌లోని అతివాద వర్గం గురించి వ్యాసం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పటి చిలకమర్తి వారి పాడియావు పద్యం అందులో ఉండాలి: ‘భరతఖండంబు చక్కని పాడియావు / హిందువులు లేగదూడలై యేడ్చుచుండ / తెల్లవారను గడుసరి గొల్లవారు / పితుకుచున్నారు మూతులు బిగియగట్టి’. మూడో పాదం ‘తెల్లవారను గడుసరి గొల్లవారు’ అనా, ‘తెల్లవారలు’ అనా? రెండోది, ఆ వర్గం వాళ్లను అతివాదులనే అనాలా?

యతిమైత్రి: ఛందస్సు తేల్చదండి. తేటగీతిలో రెండో గణం ఇంద్రగణం కావాలి. ‘వారను’, ‘వారలు’ రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు), అంటే ఇంద్రగణాలే.

పాతసంచిక: పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. తె-గొ కుదరడం లేదు. పాఠమే చెడిందేమో.

యతిమైత్రి: తెల్ల-గొల్ల, రెండో అక్షరాలు కలిశాయి. అది ప్రాసయతి. తేటగీతికి చెల్లుతుంది.

పాతసంచిక: ఒప్పుకున్నాను. అయితే నా ఓటు ‘ను’కే. తెల్లవారు + అను, తెల్లవారనే గొల్లలు. పైగా తెల్లవారన్, తెల్లవారేసరికి. పాలు పితికే వేళ అదేగా! ‘లు’ పెడితే ఆ శ్లేష పోతుంది.

గోదారిగట్టు: శ్లేష మీ ముచ్చట. పద్యం బిగువంతా ‘మూతులు బిగియగట్టి’లో ఉంది. దూడను ముందు కుడవనిస్తే ఆవు చేపుతుంది. అప్పుడు దూడను లాగి కట్టి పితుకుతారు, చివర దానికీ కాస్త వదులుతారు. మూతే కట్టేస్తే ఆ కాస్తా లేదు. గడుసరితనం అక్కడుంది. ఆ రోజుల్లోనే వందేమాతరం ఉద్యమంలో దిగిన విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని రాజమహేంద్రవరం ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. మూతులు కట్టడమంటే అదీ.

దస్తావేజు: రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. ‘అతివాది’ ఎదుటివాళ్లు, అంటే మితవాదులు, అంటించిన పేరు. తిలక్ వర్గం తమది కొత్త పక్షమని, జాతీయ పక్షమని చెప్పుకుంది. నేటి అతివాదులే రేపటి మితవాదులని తిలకే అన్నాడు. వాళ్ల పట్టంతా 1906 కలకత్తా కాంగ్రెస్ తీర్మానాల మీద: స్వరాజ్యం, స్వదేశీ, బహిష్కారం, జాతీయ విద్య. అక్కడా పేచీ ఒక్క మాట దగ్గరే. బెంగాల్ బహిష్కార ‘మూవ్‌మెంట్’ న్యాయమైనదని తీర్మానం. మూవ్‌మెంట్ అంటే కదిలేది, ఊరినుంచి ఊరికి, రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పాకుతుందని పాల్ అర్థం లాగాడు. మితవాదులు మాలవీయ, గోఖలే ఒప్పుకోలేదు.

యతిమైత్రి: ‘ఉద్యమం’ అంటే ఆ మెలిక రాదు. ‘చలనం’ అనాలి.

పాతసంచిక: చలనం చప్పగా ఉంది. ‘కదలిక’ నయం.

దస్తావేజు: తర్వాతి కాంగ్రెస్ సభ, 1907ది, నాగపూర్ నుంచి సూరత్‌కు మారింది. ఆతిథ్యమిచ్చే రాష్ట్రంవారు అధ్యక్షత వహించరాదని ఆనవాయితీ. సూరత్ బొంబాయి రాష్ట్రంలోది, తిలక్ కూడా ఆ రాష్ట్రం వాడే. అంటే ఆయనకు అధ్యక్షత దక్కదు. మితవాదులు కలకత్తా తీర్మానాలను నీరుగారుస్తారన్న అనుమానం సరేసరి. వేదిక మీదికి చెప్పు వచ్చి పడింది, సభ చెదిరింది. 1908లో మితవాదులు అలహాబాదులో రాసుకున్న నియమావళికి సంతకం పెడితేనే కాంగ్రెస్‌లో ప్రవేశం. అతివాదులు మళ్లీ లోపలికొచ్చింది 1916 లక్నోలో. కాబట్టి ‘అతివాద వర్గం’ అని రాసినా, అది ఎవరు పెట్టిన పేరో ఒక్క వాక్యం చేర్చండి.

కృష్ణాతీరం: చేరుస్తాను. ఇంతకీ ‘ను’నా, ‘లు’నా?

గోదారిగట్టు: అది అలా ఉంచండి. నాలుగో పాదం ‘పితుకుచున్నారు’ అంటున్నారు, ‘పిదుకు’ కదా పాత రూపం?

యతిమైత్రి: బిగియతో యతికి ‘పి’ చాలు. తు, దు మీ ఇష్టం.

పాతసంచిక: ఇష్టమేమిటండీ, గోదావరి జిల్లాల్లో ఎవరైనా ‘పిదుకు’ అంటారా?