తాతయ్య ఊరెళ్ళారని చెప్పారు, బాబు రోజూ ఎదురుచూస్తున్నాడు. ఏం చేయాలి?

చిన్నిగాడి అమ్మ (విజయవాడ)
మా బాబుకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. గత నెలలో మా మామగారు గుండెపోటుతో చనిపోయారు. వాడికి తాతయ్యంటే ప్రాణం. స్కూల్లో దింపేది ఆయనే, సాయంత్రం కాలువ గట్టుకి తీసుకెళ్ళేదీ ఆయనే. ఆ రోజు వాణ్ణి పక్కింట్లో ఉంచారు. పెద్దకర్మ అయ్యేదాకా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడు. తిరిగొచ్చి తాతయ్య ఏడీ అని అడిగితే మా అత్తగారు "ఊరెళ్ళారు నాన్నా" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరిదీ అదే మాట.

ఇప్పుడు రోజూ సాయంత్రం గేటు దగ్గర కూర్చుంటున్నాడు. "తాతయ్య చెప్పులు ఇక్కడే ఉన్నాయి కదా, చెప్పుల్లేకుండా ఎలా వెళ్ళాడు?" అని నిన్న అడిగాడు. పక్క తడపడం మానేసి ఏడాది దాటింది, అది మళ్ళీ మొదలైంది. నేను బాత్రూంకి వెళ్ళినా తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. దండ వేసిన ఫొటో ఉందని హాల్లోకే రావట్లేదు.

నిజం చెప్పాలని నాకుంది. పసివాడితో చావు మాట ఎత్తకూడదని మా అత్తగారు అంటున్నారు. ఆవిడే ఇంకా కోలుకోలేదు, ఆవిడతో వాదించలేను. ఈ పరిస్థితి దాటినవాళ్ళు ఉంటే చెప్పండి.

రాజమండ్రి పిన్ని
అయ్యో, మీ బాబు చెప్పుల మాట చదివి కళ్ళలో నీళ్ళొచ్చాయండి. వాడు సగం కనిపెట్టేశాడు.

మా అక్క కూతురికి మూడేళ్ళప్పుడు వాళ్ళ నానమ్మ పోయారు. "నానమ్మ నిద్రపోయింది, ఇక లేవదు" అని ఎవరో పెద్దావిడ చెప్పారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల పడుకోనని ఒకటే ఏడుపు. మా అక్క మధ్యాహ్నం కాస్త కన్ను మూస్తే చాలు, చెంపలు తట్టి లేపేసేది. కారణం ఇంట్లో ఎవరికీ తట్టలేదు, పిల్లల డాక్టరుగారు అడిగితే బయటపడింది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు నిద్రపోయారు, ఊరెళ్ళారు, దేవుడు తీసుకెళ్ళిపోయాడు లాంటి మాటలు పిల్లల దగ్గర అనం. దేవుడు తీసుకెళ్ళాడంటే పిల్లలు గుడికి రావడానికి కూడా భయపడతారు.

పిల్లల కౌన్సెలర్ (హైదరాబాద్)
చిన్నిగాడి అమ్మగారూ, బాబుకి నిజం చెప్పండి. ఆలస్యమేమీ కాలేదు.

ఈ వయసు పిల్లలకు చావు ఎలా అర్థమవుతుందో ముందు చెప్తాను. చనిపోయినవాళ్ళు తిరిగి రారని, వాళ్ళ శరీరం ఇక పనిచేయదని, ఇది అందరికీ జరుగుతుందని, ఈ మూడూ చాలామంది పిల్లలకు 5 నుంచి 7 ఏళ్ళ మధ్య మెల్లగా తెలుస్తాయి. మీ బాబు ఇంకా దానికి ఇవతలే ఉన్నాడు. కాబట్టి ఒకసారి చెబితే అయిపోదు. చెప్పిన మర్నాడే "సరే, ఆదివారం వస్తాడా?" అని అడుగుతాడు. విసుక్కోకుండా మళ్ళీ అదే మాట చెప్పాలి. ప్రతిసారీ జవాబు ఒకేలా ఉంటే వాడికి ధైర్యం.

ఇంకో సంగతి. ఈ వయసులో తన కోపం వల్లో, తను అన్న మాట వల్లో ఇలా జరిగిందని పిల్లలు లోపల అనుకుంటుంటారు. "నేను అల్లరి చేశానని తాతయ్య వెళ్ళిపోయాడా?" అని పైకి అడగకపోవచ్చు. అడగకపోయినా మీరే చెప్పండి.

మాటలు ఇలా ఉండొచ్చు: "నాన్నా, తాతయ్య ఊరెళ్ళలేదు. తాతయ్య గుండెకి చాలా పెద్ద జబ్బు చేసింది. నీకు వచ్చే జలుబు, జ్వరం లాంటిది కాదు. డాక్టర్లు బాగు చేయాలని చూశారు, కుదరలేదు. తాతయ్య చనిపోయారు. అంటే తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి తీసుకోరు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. మళ్ళీ రాలేరు. నువ్వు చేసిన పని వల్ల కాదు, అన్న మాట వల్ల కాదు." ఇంతే. వాడు ఇంకా అడిగితే అడిగినదానికి మాత్రం చెప్పండి. ఆస్పత్రి సంగతులు, దహనం సంగతులు ముందే ఏకరువు పెట్టొద్దు.

ఊరెళ్ళారని ఎందుకు చెప్పారంటే, "మాకందరికీ చాలా బాధగా ఉండి అలా అన్నాం" అనండి. నానమ్మ అబద్ధం చెప్పిందనే మాట రానివ్వకండి. వాడికి ఇప్పుడు నానమ్మ కావాలి. ఇంకోటి, రాత్రి పడుకోబెట్టే ముందు చెప్పొద్దు. పొద్దున్నో మధ్యాహ్నమో, వాడి కడుపు నిండి ఉన్నప్పుడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పండి. మీకు ఏడుపొస్తే ఏడవండి. అమ్మ బాధపడుతోంది, అయినా నా పక్కనే ఉంది అని వాడు చూడాలి.

డాలస్ నాన్న
మా సమస్య ఇంకో రకం. మా నాన్నగారు గుంటూరులో చనిపోయినప్పుడు నేనొక్కణ్ణే వెళ్ళాను, పాప వాళ్ళమ్మతో ఇక్కడే ఉండిపోయింది. దానికి తాతంటే ఐప్యాడ్‌లో కనిపించే మనిషి. శనివారం రాత్రి కాల్, తాత చెప్పే కాకి కథ, అంతే. కాల్స్ ఆగిపోయేసరికి ఐప్యాడ్ పాడైందనుకుంది. చార్జర్ తెచ్చి నా చేతిలో పెట్టేది.

ఎప్పుడూ తాకని మనిషి పోతే పిల్లలకు ఏం తెలుస్తుందిలే అంటారు కొందరు. నేను ఒప్పుకోను. దాని వారంలో ఒక పెద్ద భాగం మాయమైంది. మేం చేసిందల్లా చనిపోయారని సూటిగా చెప్పి, శనివారం అదే టైముకి ఫొటోలు ముందేసుకుని ఆ కాకి కథ నేను చెప్పడం. మొదట్లో "నువ్వు తప్పు చెప్తున్నావ్, తాత ఇలా చెప్పడు" అని ఏడ్చింది. ఇప్పుడు అదే నాకు కథ సరిచేస్తుంది.

కాకినాడ బామ్మ
అమ్మాయ్, మీ అత్తగారి వైపు నుంచి ఒక మాట చెప్తాను. నేనూ ఆయన్ని పోగొట్టుకున్నదాన్నే. ఆయన పోయారు అనే మాట నా నోటితో అనడానికి నాకే నెలలు పట్టింది. పసివాడు వచ్చి తాతయ్య ఏడీ అంటే ఆ క్షణంలో ఊరెళ్ళారనే వస్తుంది నోట్లోంచి. ఆవిడ వాడితో పాటు తన్ను తాను కూడా మభ్యపెట్టుకుంటోంది. పిల్లాడికి చెప్పే ముందు మీ ఆయన్ని కూర్చుని వాళ్ళమ్మతో మాట్లాడమను. మీరు చెప్పండి అని ఆవిడ మీద పెట్టొద్దు. మేం చెప్తాం, మీరు పక్కన కూర్చుంటే చాలు అనండి.

మా చిన్నప్పుడు పిల్లల్ని ఇలా దూరంగా పంపేవాళ్ళు కాదు. మా తాత పోయినప్పుడు మేం పిల్లలం అక్కడే తిరుగుతున్నాం. పిండం పెట్టి కాకి కోసం చూస్తుంటే, మేమే ముందు చూసి "వచ్చింది, వచ్చింది" అని అరిచాం. అప్పుడు మాకు భయం వేసిందని నాకు గుర్తులేదు. మీ మామగారి మాసికాలు ఇంకా ఉన్నాయిగా. వాడి చేత ఒక పువ్వు పెట్టించు. ఇష్టమైతేనే సుమా, బలవంతం వద్దు.

అంగన్‌వాడీ టీచర్ (నల్గొండ)
2021 మే నెలలో మా ఊళ్ళో కరోనాతో పోయినవాళ్ళని ఇంటికి తేలేదు. చూపు కూడా దక్కలేదు. మా సెంటర్లో ఒక బాబు రెండేళ్ళ తర్వాత కూడా "మా బాపు హైదరాబాద్ దవాఖానాల ఉన్నడు" అని చెప్పేవాడు. ఇంట్లో అలాగే చెప్పి ఉంచారు. బొమ్మలతో ఆడేటప్పుడు ఎప్పుడూ అంబులెన్సే, లోపల మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్తాడు గానీ వెనక్కి తీసుకురాడు. వాళ్ళమ్మని పిలిచి ఆ ఆట చూపించాను. వాడికి చెప్పడానికి ఆమె ఆరోజే సిద్ధపడింది.

మీ బాబు ఆటలు గమనించండి. చచ్చిపోయినట్టు పడుకునే ఆట ఆడితే కోప్పడొద్దు. ఏడ్చిన అయిదు నిమిషాలకే నవ్వుతూ పరిగెత్తితే "వీడికేం పట్టలేదు" అనుకోవద్దు. పిల్లల బాధ అట్లాగే వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. స్కూల్ టీచరుకి తప్పకుండా చెప్పండి. ఇప్పుడు స్కూలుకి ఎవరు దింపుతున్నారు? రోజుకొకరు కాకుండా ఒక్కరే దింపితే మంచిది.

రాత్రి డ్యూటీ నర్సు
పక్క తడపడం గురించి. ఇలాంటి సమయంలో మానేసిన అలవాట్లు తిరిగి రావడం మామూలే, తిట్టకండి, నలుగురిలో అనకండి. కానీ అంతా మనసు వల్లే అని వదిలేయకుండా ఒకసారి మూత్రపరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే అవుతుంది, మలబద్ధకం ఉన్నా అవుతుంది. విపరీతంగా దాహం వేస్తూ, బరువు తగ్గుతుంటే మాత్రం వెంటనే షుగర్ చూపించాలి.

ఖర్చుకి భయపడేవాళ్ళ కోసం కూడా రాస్తున్నా. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాధల గురించి ఫోన్‌లో మాట్లాడే హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల గురించి తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. చాలా జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ కేంద్రాలు (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసేవి) ఉంటాయి, అక్కడా అడగండి.

కొత్త సభ్యురాలు (ఏలూరు)
మా పాపకి కూడా ఇలాగే ఉంది. ఎన్నాళ్ళు చూడొచ్చు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

పిల్లల కౌన్సెలర్ (హైదరాబాద్)
ఏలూరు అమ్మగారూ, మొదటి వారాల్లో ఏడుపు, అంటిపెట్టుకోవడం, పక్క తడపడం సహజం. రోజులు గడిచేకొద్దీ మెల్లగా తగ్గుతూ ఉండాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, తిండీ ఆటా మానేస్తే, "నేనూ తాతయ్య దగ్గరికి వెళ్ళిపోతా" అని పదే పదే అంటుంటే ఆగకండి, వెంటనే చూపించండి. చాలామంది పిల్లలు ఆ మాట తాతయ్యని చూడాలనిపించి అంటారు, అయినా మనకు మనమే తేల్చుకోకూడదు. ఆరు నెలల తర్వాత కూడా ఆ దుఃఖం పిల్లని రోజూ కదలనివ్వకపోతే దాన్ని వైద్యులు విడిగా ఒక సమస్యగా చూస్తారు. ఆరు నెలలూ ఆగి చూడమని దీని అర్థం కాదు. మీకు దిగులుగా ఉంటే ఈ వారమే వెళ్ళండి.

చిన్నిగాడి అమ్మ (విజయవాడ)
అందరికీ చాలా థాంక్సండి. బామ్మగారు చెప్పినట్టు మా ఆయన ముందు అత్తయ్యగారితో మాట్లాడారు. ఆవిడ చాలాసేపు ఏడ్చి, సరే మీరే చెప్పండి అన్నారు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక చెప్పాం. వాడు విని "మరి చలి వేయదా తాతయ్యకి?" అన్నాడు. వేయదు నాన్నా అన్నాం. తర్వాత కార్లతో ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కూర్చోవడం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. మూత్రపరీక్షలో ఏమీ లేదన్నారు, పక్క ఇంకా తడుపుతూనే ఉన్నాడు.

కానీ ఇప్పుడు కొత్త ప్రశ్న మొదలైంది. "నువ్వు కూడా చనిపోతావా అమ్మా?" అంటున్నాడు. నేనెప్పుడూ చనిపోను అని చెప్పలేకపోతున్నాను, చనిపోతాననీ చెప్పలేకపోతున్నాను.

పిల్లల కౌన్సెలర్ (హైదరాబాద్)
వాడు అడుగుతున్నది "నన్నెవరు చూసుకుంటారు?" అని. "చాలామంది బాగా ముసలివాళ్ళయ్యాకే చనిపోతారు నాన్నా. నేను చాలా ఏళ్ళు నీతోనే ఉంటాననుకుంటున్నా. నిన్ను చూసుకోవడానికి నేనున్నా, నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది" అని పేరుపేరునా చెప్పండి. ఎప్పటికీ చనిపోనని మాత్రం అనొద్దు. మీకు జ్వరం వస్తే వాడు కంగారు పడొచ్చు, "ఇది మందు వేసుకుంటే తగ్గే జ్వరం" అని మీరే ముందు చెప్పేయండి.

కాకినాడ బామ్మ
మీ అత్తగారికి కూడా ఎవరైనా తోడు కావాలమ్మా. సాయంత్రం కాలువ గట్టుకి పిల్లాడినీ ఆవిణ్ణీ కలిపి పంపించు. ఆవిడ వెళ్ళనంటే మొదట నాలుగు రోజులు నువ్వు కూడా వెళ్ళు.